సూతికావిషాదము: ప్రాచీనలేఖనములలోని సాక్ష్యములు

ప్రసవించిన స్త్రీ కొన్నాళ్ళవఱకుఁ దన మనస్సును దాను నిలుపుకొనలేకుండుట క్రొత్తవిషయము గాదు. మూఁడవనాఁడో నాలవనాఁడో యే కారణమును లేక కన్నీరు పెట్టుట, ఒక మాటకు నవ్వి మఱుమాటకుఁ గినియుట, బిడ్డ నిద్రించుచుండఁగాఁ దాను గన్ను మూయలేకుండుట, కావలసినవారు పలికిన చిన్నమాట పెద్దగాయమగుట, ఇవి ప్రతి లోఁగిలియందును బెద్దముత్తైదువ లెఱిఁగినవియే. అయినను వీనికన్నిటికిని జేర్చి మన భాషలో సర్వజనవ్యవహారమందున్న పేరొకటి కలదని తోఁపదు. పురుడు, పురిటిల్లు, బాలెంత, బాలెంతపథ్యము, కాయము, పురిటిస్నానము అని దేహమునకుఁ జెందిన మాటలు కావలసినన్ని కలవు. జ్వరము ముదిరి సంధి పుట్టినచో వైద్యులు సూతికాసన్నిపాత మనిరి. జ్వరమును లేక, సంధియును లేక, మనస్సుమాత్రమే క్రుంగిపోవు నవస్థను జెప్పవలసివచ్చినప్పుడు గాలి సోఁకిన దనియో, దృష్టి తగిలిన దనియో, పుట్టింటి గారాబ మనియో చెప్పి తప్పించుకొనిరి. పేరు లేని బాధను జెప్పుకొన్నను నమ్మువా రరుదు.

వైద్యోపదేశము సేయుట యీ వ్యాసోద్దేశము గాదు. ఈ యవస్థ ప్రాచీనలేఖనములలో నెట్లు కనఁబడుచున్నది, దానిని వ్రాసినవా రెవరు, ఎందులకు వ్రాసిరి, అందుఁ దల్లి తన నోటఁ జెప్పినదెంత, పరులు చెప్పినదెంత యను ప్రశ్నలను విమర్శింపఁదలఁచితిని. ఇందుకు మన యాయుర్వేదసంహితలును, 15వ శతాబ్దమునాఁటి యాంగ్లగ్రంథ మొకటియు ముఖ్యాధారములు. ఆ యాంగ్లగ్రంథమును గుఱించి మనలోఁ దెలిసినవారు తక్కువ గావున దానిని గొంత విస్తరించి చెప్పెదను.

ముందుగా నొక్కమాట. నేఁటి వైద్యులు సూతికల మనోవికారములను మూఁడు తెఱఁగులుగా విభజించుచున్నారు. సగముకంటె నెక్కువమంది తల్లులకు మూఁడవదినము మొదలు అయిదవదినమువఱకుఁ బొడసూపి, రెండువారములలోఁ దనంతటఁ దానే శమించు చిత్తచాంచల్యము మొదటిది. వారములకొలఁది, నెలలకొలఁది నిలిచి ఆకలిని, నిద్రను, ఆశను హరించు విషాదము రెండవది. వేయిమందిలో నొకరికో యిద్దఱికో కలిగి మతి తప్పించు నున్మాదము మూఁడవది. ప్రసవానంతరము ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అను స్రావములు కొలఁది దినములలోనే మిక్కిలి పడిపోవుట, నిద్రలేమి, పూర్వమందున్న మనోవ్యాధి, సంసారములోని యిక్కట్లు, తోడు లేమి, ఇవన్నియుఁ గలసి కారణము లగుచున్నవని వారి మతము. పూర్వులు వ్రాసినది యీ మూఁటిలో నేదియో నిర్ణయించుట యన్నిచోట్ల సాధ్యము గాదు. గ్రంథస్థమైనది చాలవఱకు మూఁడవదియే. ఏలయన నిల్లంతయు గగ్గోలుపడినఁగాని లేఖకుఁడు కలము పట్టఁడు. మొదటి రెండును మౌనముగానే గడచిపోయినవి.

మన సంహితలను జూతము. చరకసంహిత శారీరస్థానమున నెనిమిదవ యధ్యాయమునందు సూతికాగారమును గుఱించి విపులముగాఁ జెప్పఁబడినది. గర్భిణిని దైలము నిండిన పాత్రవలె నెట్టి కుదుపును గలుగనీయక కాపాడుకొనవలెనని యచటనే కలదు. పురిటింటఁ గావలసిన వస్తువుల పట్టిక చెప్పి, సంహితాకారుఁడు పరిచారికల లక్షణములను జెప్పినాఁడు. వారు పలుమాఱులు ప్రసవించినవారు గావలెను. స్నేహముగలవారు, ఎడతెగని యనురాగముగలవారు, ఉపచారమునందు నేర్పరులు, స్వభావముచేత వాత్సల్యవతులు, క్లేశమును సహింపఁగలవారు గావలెను. ఈ విశేషణముల నడుమ 'త్యక్తవిషాద' యను మాట యొకటి కలదు. విషాదమును విడిచినవా రని దాని యర్థము. వైద్యశాస్త్రకారుఁడు పరిచారిక చేతినేర్పును గోరుట సహజమే. ఆమె మనస్సు తేటగా నుండవలెనని కోరుట గమనింపఁదగినది. పురిటింట విషాద మంటుకొనునని యతఁ డెఱిఁగియే యీ మాట వ్రాసెనని నా యూహ.

అదే యధ్యాయమునఁ గొంత తరువాత సూతికకుఁ గలుగు వ్యాధి కష్టసాధ్యమనియు, నొకప్పు డసాధ్యమనియుఁ జెప్పి హేతువును జెప్పినాఁడు. గర్భము పెరుగుటచేత ధాతువు లన్నియు క్షీణించి శిథిలము లయినవి. నొప్పులచేతను, రక్తస్రావముచేతను శరీరము శూన్యమైపోయినది. ఈ శూన్యశరీర శబ్దము చక్కనిది. నిన్నటిదాఁక నిండుగా నున్న యిల్లు నేఁడు వట్టిపోయినట్లు తోఁచుచున్నదని చెప్పు బాలెంతల మాటకును దీనికిని దూరము లేదు. కాని చరకుఁ డిచటఁ జెప్పినది శరీరమునే. దానిని మనస్సునకు సాగఁదీయుట మనపని, సంహిత పని గాదు.

మనస్సును స్పష్టముగాఁ బేర్కొన్నవాఁడు సుశ్రుతుఁడు. ఆ సంహిత శారీరస్థానమునఁ బదవ యధ్యాయమందు సూతిక వేఁడినీళ్ళ స్నానమును జెప్పుచు, క్రోధము, ఆయాసము మొదలగువానినుండి యామెను దూరముగా నుంచవలెనని విధింపఁబడినది. ఈ నియమము నెలపదునైదు దినములు సాగినపిమ్మట నామెకు సూతిక యను పేరు పోవుననియుఁ, గొందఱి మతమున మరల ఋతుదర్శన మగువఱకును ఆ పేరు నిలుచుననియుఁ గలదు. పురుడు పదిదినములకే వెడలిన దనుకొను మనకు నీ నలువదియైదు దినముల లెక్క యోజింపవలసినది. ధర్మశాస్త్రపు శుద్ధి వేఱు, వైద్యశాస్త్రపు స్వస్థత వేఱు. మొదటిది తీఱఁగానే రెండవదియుఁ దీఱెనని తలఁచి పనిపాటలలోఁ బెట్టిన యిండ్లలోఁ గోడలికన్నీటికిఁ గారణము వెదకఁబనిలేదు.

ఆ యధ్యాయముననే స్తన్యమును గుఱించి యింకొకమాట కలదు. కోపము, శోకము, వాత్సల్యములేమి మొదలగువానిచేత స్త్రీకిఁ బాలు తప్పిపోవుననియు, మరల బాలు పడుటకై మొట్టమొదట నామెకు సౌమనస్యమును గలిగింపవలెననియు సుశ్రుతుఁడు చెప్పినాఁడు. గోధుమలు, శాలిధాన్యము, మాంసరసము మొదలగు నాహారములను జెప్పుటకు ముందే సౌమనస్యమును జెప్పుట విశేషము. వాత్సల్యములేమి యను మాట యింతకన్నను విశేషము. తల్లికి బిడ్డపైఁ బ్రేమ పుట్టకుండుటయు సంభవమే యని యొప్పుకొన్న గ్రంథ మిది. ఆ యవస్థను బాపమనలేదు, రాక్షసత్వ మనలేదు, చికిత్సాస్థానముగాఁ జూపినది.

ఇట్లని మన పూర్వులకు సర్వమును దెలియునని చాటుట నా యుద్దేశము గాదు. ఆ రీతి వ్యాసములు మనకుఁ గొఱఁత లేదు. సుశ్రుతుని వాక్యమును మరలఁ జదివినచో, సౌమనస్యము తల్లికొఱకుఁ గోరఁబడినది గాదనియుఁ, బాలకొఱకుఁ గోరఁబడినదనియుఁ దేటపడును. గర్భిణీదౌహృదముల విషయమును నిట్టిదే. కోరిక తీర్పకున్న బిడ్డ వికలాంగుఁ డగునని భయపెట్టియే కోరిక తీర్పించిరి. తల్లి మనస్సు శిశువునకు సాధనమైనందుననే శాస్త్రకారుని దృష్టిలోఁ బడినది. శిశువునకుఁ జెఱుపు లేనిచో నామె యేడ్చినను వ్రాయుదురో లేదో చెప్పలేము. పైఁగా నీ సంహితలలో సూతిక యొక్కమాటయుఁ దాను బలుకదు. ఆమెను గుఱించి పలుకువారందఱును మగవారే.

గ్రీకుల వైద్యగ్రంథములును నిట్టివియే. హిప్పోక్రటీసు పేర వెలసిన సాంక్రామికరోగగ్రంథము మూఁడవ సంపుటమునఁ గిజికసు పట్టణపు స్త్రీ యొకతె కవలకూఁతులను గష్టప్రసవముతోఁ గని, జ్వరపడి, మతి తప్పి, కొంత తెలివి వచ్చి, మరలఁ దప్పి, పదునేడవదినమున మరణించినట్లు దినదినపు లెక్కతో వ్రాయఁబడినది. ఇది నేఁటి వారెఱిఁగిన సూతికాజ్వర మనుటకు సందేహము లేదు. ఆమె పేరు లేదు; ఆమె యేమి పలవరించెనో లేదు. స్తనములలో రక్తము చేరుట యున్మాదమునకు సూచకమని యా సంప్రదాయపు సూత్రగ్రంథమునఁ గలదు. తరువాతి వైద్యు లనేకశతాబ్దములు దానినే వల్లించిరి.

ఇఁక నాంగ్లగ్రంథము. ఇంగ్లండు తూర్పుతీరమున లిన్ అను రేవుపట్టణము కలదు. అచటఁ గ్రీ.శ. 1373 ప్రాంతమున జనించిన మార్జరీ కెంప్ అను నామె తన జీవితమును జెప్పి వ్రాయించినది. తండ్రి యా పట్టణమునకు నైదుమాఱులు నగరాధ్యక్షుఁడై యుండినవాఁడు. ఆమెకుఁ జదువను వ్రాయను రాదు. తొలుత నొకఁడు ఆమె మాటలను వ్రాసెను. ఆ వ్రాఁత యాంగ్లమును గాక జర్మనమును గాక యుండి, చదువరాకుండెను. పిమ్మట 1436లో నొక పురోహితుఁడు దానిని దిద్ది వ్రాయఁబూనెను. ఈ గ్రంథముయొక్క వ్రాఁతప్రతి యొక్కటియే మిగిలినది. అది శతాబ్దములు మఱుఁగుపడియుండి 1934లో నొక పాతకుటుంబపు గృహమున బయల్పడెను; 1940లో విద్వాంసులచేఁ బరిష్కృతమై యచ్చయ్యెను; ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీయందున్నది. ఆంగ్లభాషలో లభించు స్వీయచరిత్రలలోఁ దొలుతటిదని దీనిని సాధారణముగాఁ జెప్పుదురు. గ్రంథమంతట నామె తన్నుఁ దాను 'నే' ననక 'ఈ ప్రాణి' యని చెప్పుకొనును.

ఆ గ్రంథ మామె ప్రసవముతోనే యారంభమగుచున్నది. బాల్యము లేదు, తల్లిదండ్రుల ముచ్చట లేదు. ఇరువదియేండ్లు దాఁటఁగాఁ బెండ్లియయ్యెను, కొలఁదికాలమునకే గర్భిణి యయ్యెను, గర్భమునఁ గడు బాధపడెను, బిడ్డ పుట్టినపిమ్మటఁ దాను బ్రదుక ననుకొనెను. ఎన్నఁడును జెప్పుకొనని పాప మొకటి యామె మనసులో మెదలుచుండెను. గురువును బిలిపించి చెప్పఁబోయెను. ఆతఁడు మాట పూర్తికాకమునుపే గద్దించెను. ఆమె నోరు మూసికొనెను. మఱి యేమి చేసినను జెప్పదయ్యెను. నరకభయ మొకవైపు, ఆ గద్దింపు మఱియొకవైపు నుండఁగా మతి తప్పెను. అర్ధసంవత్సరము, ఎనిమిదివారములు, మఱికొన్ని దినములు ఆ స్థితి నిలిచినదని యామె లెక్కగట్టి చెప్పినది. నలువదియేండ్లు గడచినపిమ్మటఁ జెప్పుచున్నది. అయినను వారములు మఱువలేదు.

పిశాచములు మంటలు గ్రక్కుచు నోళ్ళు తెఱచి మ్రింగవచ్చినట్లు చూచెను. మగనిని, చుట్టములను, తన్నుఁ దాను దూషించెను. చేతిని గఱచుకొన్న గంటు యావజ్జీవమును మిగిలిపోయెను. ఱొమ్ముపైఁ జర్మమును గోళ్ళఁ జీరికొనెను. రాత్రింబవళ్ళు కట్టివేయవలసివచ్చెను. ఒకనాఁ డొంటిగాఁ బడియుండఁగా, ఊదాపట్టు వస్త్రము ధరించిన పురుషరూపమున క్రీస్తు పడకప్రక్కఁ గూర్చుండి, తాను విడువనివాఁడనైనను నీవు నన్నేల విడిచితివని యడిగినట్లు తోఁచెను. అంతట స్తిమితపడినది.

దర్శనముకంటెఁ దరువాతి సంగతి నాకు ముఖ్యముగాఁ దోఁచుచున్నది. మగఁడు జాన్ కెంప్ లోనికి రాఁగానే యామె యడిగిన దేమి? కొట్టుగదితాళపుచెవులు. పూర్వమువలెఁ దన యన్నపానములను దానే తీసికొందు ననెను. కావలివారును బనికత్తెలును ఈయవలదనిరి. ఉన్నదంతయు దానము చేసివేయునని వారి భయము. మగఁడామెపైఁ బూర్వమునుండియు దయగలవాఁడు, ఈయుఁడని యాజ్ఞాపించెను. ఆమె శక్తికొలఁది తినెను, త్రాగెను, ఇంటివారిని గుర్తుపట్టెను. స్వస్థత కామె చెప్పిన గుఱుతు లివియే. ఆ కాలపు గృహిణికిఁ దాళపుచెవులు మొలనుండుటయే యిల్లాలితనము. మతి వచ్చినదని నమ్మి చెవుల నిచ్చిరా, చెవుల నిచ్చుటచేత మతి నిలిచినదా యనునది విడఁదీయరాని ప్రశ్న.

ఆరుశతాబ్దముల వెనుకటి స్త్రీకి నేఁటి రోగనామమును దగిలించుట తగునా యని కొంద ఱాంగ్లవిమర్శకులు శంకించిరి. ఆమె దీనిని దైవకార్యముగాఁ జెప్పినది. మనము సూతికోన్మాద మనుట యామె మాటను గాదనుట యగునేమో. శంక న్యాయమైనదే. అయినను గ్రంథమే ప్రసవమును, వ్యాధిని, అపరాధభయమును, గురువు గద్దింపును వరుసగాఁ బేర్చి కారణముగాఁ జూపుచున్నది. ప్రసవము కారణములలో నొకటియని యామెయే యెఱుఁగును. అంతకుమించి మన మనవలసిన పనియు లేదు.

ఇంతకన్న నపూర్వమైన ఘట్టము డెబ్బదియైదవ యధ్యాయమునఁ గలదు. మార్జరీ యప్పటికిఁ బదునలుగురు బిడ్డలను గని, జెరూసలేము యాత్ర సేసివచ్చి, గుడిలో బిగ్గఱగా నేడ్చునని యూరివారిచేఁ దిట్లు తినుచున్న స్త్రీ. ఒకనాఁడు దేవాలయమున నొకఁడు మోఁకరిల్లి చేతులు నులుముకొనుచుండెను. నా భార్య క్రొత్తగాఁ బ్రసవించినది, మతి తప్పినది, నన్ను నెఱుఁగదు, ఇరుగుపొరుగును నెఱుఁగదు, కేకలువేయును, కొట్టును, కఱచును, చేతులకు సంకెల వేసితి మని చెప్పెను. మార్జరీ వెంటనే పోయెను. ఆ బాలెంత యీమెను జూచి నిదానముగాఁ బలికెను. వచ్చితివి, సంతోషము, నీచుట్టు దేవదూతలు కనఁబడుచున్నా రనెను. ఇతరులు వచ్చినప్పుడు మాత్రము వారిచుట్టుఁ బిశాచములు గలవని యఱచుచుండెను. అఱపులు జనులకు వినఁబడకుండ నామె నూరికొన నొక గదిలోఁ గాలుసేతుల కినుపగొలుసులు వేసి యుంచిరి. మార్జరీ దినమున కొకమాఱు, కొన్నాళ్ళు రెండుమాఱులు పోయి దగ్గఱఁ గూర్చుండెను. ఆమెయొద్ద రోగిణి శాంతముగా నుండెను. కొన్నాళ్ళకు మతి కుదిరి, ఆచారము ననుసరించి గుడికి వచ్చి తక్కిన బాలెంతలవలె శుద్ధి పొందెను.

మార్జరీ చేసిన మందు లేదు. ప్రార్థించెను, ఏడ్చెను, మాటలాడెను, విసుగక పోయి కూర్చుండెను. తానును గట్టుదిన్న స్త్రీయే యని గ్రంథ మిచట గుర్తుచేయదు. చదువరి చేతిపై గంటును మఱువఁడు. చరకుఁడు కోరిన పరిచారిక, పలుమాఱులు ప్రసవించినది, క్లేశసహిష్ణువు, విషాదమును విడిచినది, లిన్ పట్టణపు టీ సందులోఁ గనఁబడుచున్నది. చరకుని పేరు నామె వినియుండదు.

మార్జరీ గ్రంథమునుండి కొన్ని భాగములను 1501 ప్రాంతమున వింకిన్ డీ వర్డ్ అను ముద్రాపకుఁడు చిన్నపుస్తకముగా నచ్చొత్తించెను. అందు భక్తివాక్యములు గలవు. పురిటి యున్మాదము లేదు, తాళపుచెవులు లేవు, సంకెలల బాలెంత లేదు. నన్నూటముప్పదియేండ్లకుఁ బైగా లోకమునకు మార్జరీ యన్న నా పుటలే. తీసివేయఁబడిన దేమియో వ్రాఁతప్రతి దొరకినఁగాని తెలియలేదు.

18వ, 19వ శతాబ్దముల వైద్యచరిత్రను శీఘ్రముగా దాఁటవచ్చును. లండనునందు రాబర్ట్ గూచ్ 1829లో స్త్రీరోగములపైఁ బ్రకటించిన గ్రంథమున సూతికోన్మాదమును బ్రత్యేకముగాఁ జర్చించెను. ఫ్రాన్సునందు లూయీ విక్టర్ మార్సే 1858లో గర్భిణులయు, నవసూతికలయు, పాలిచ్చు తల్లులయు నున్మాదమును గుఱించి తొలి బృహద్గ్రంథమును వెలువరించెను. అప్పటి కతనికి ముప్పదియేండ్లు. మఱి యాఱేండ్లకే గతించెను. వీరి కృషిచేత రోగమునకుఁ బేరు గలిగెను, పేరుతోపాటు వైద్యశాలగదియుఁ గలిగెను. కలకత్తాలోఁ బుట్టిన ప్రసిద్ధనవలాకారుఁడు థాకరే భార్య ఇజబెల్లా 1840లో మూఁడవకూఁతును గన్నపిమ్మట విషాదమునఁ బడి, ఐర్లండునకుఁ బోవు నోడనుండి సముద్రమున దూఁకెను. రక్షింపఁబడెను గాని మనస్సు మరలఁ గుదురుకొనలేదు. మగఁడు 1863లో గతించెను. ఆమె 1894 వఱకుఁ బరులసంరక్షణమున జీవించెను. ఆయన నవలలపై గ్రంథములు గుట్టలుగాఁ గలవు.

న్యాయశాస్త్రమునను దీని జాడ కలదు. ఇంగ్లండునందు 1922నాఁటి శాసనము, ప్రసవప్రభావమునఁ జిత్తసమత దప్పి నవజాతశిశువును జంపిన తల్లిని హంతకిగా నెంచరాదని విధించెను. నవజాత మనఁగా నెన్నిదినములని వాదములు పుట్టెను. 1938నాఁటి శాసన మా యవధిని పండ్రెండుమాసములకుఁ బొడిగించెను. సుశ్రుతుని నెలపదునైదు దినములను ఈ పండ్రెండునెలలతోఁ బోల్చి చూడవచ్చును.

మార్జరీకిఁ దరువాత నీ యవస్థను దన మాటగా లోకమునకు వినిపించినవారిలో నమెరికా రచయిత్రి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ ముఖ్యురాలు. 1885లోఁ గూఁతురు పుట్టినది మొదలు ఆమె యెడతెగని దుఃఖమునఁ గుమిలెను. 1887లో ఫిలడెల్ఫియాకుఁ బోయి వియర్ మిచెల్ అను సుప్రసిద్ధవైద్యునిచే విశ్రాంతిచికిత్స పొందెను. పరుండుట, తినుట, ఎవరితోను గలియకుండుట యా చికిత్స. ఇంటికిఁ బంపుచు నాతఁడు, ఇంటిపనియే చూచుకొనుమనియు, బుద్ధికిఁ బని దినమున కిరుగంటలకు మించరాదనియు, జీవితాంతము కలము గాని కుంచె గాని ముట్టరాదనియుఁ జెప్పెను. మూఁడుమాసములు పాటించి, మతి పూర్తిగాఁ బోవు నంచునకు వచ్చితినని యామె తరువాత వ్రాసెను. ఆ యాజ్ఞను దిరస్కరించి కలము పట్టినపిమ్మటనే తెప్పఱిల్లెను. 1892లోఁ బ్రకటించిన పచ్చకాగితపుగోడ కథ కిదియే మూలము. ఆ కథ నేల వ్రాసితినో 1913లోఁ దానే చెప్పెను.

ఈ రెండు వృత్తాంతములను బ్రక్కప్రక్క నుంచి చూడుఁడు. జాన్ కెంప్ పనికత్తెల మాట ద్రోచి భార్య చేతికిఁ దాళపుచెవుల నిచ్చెను. ఖండాంతరఖ్యాతిగల వైద్యుఁడు రోగిణి చేతినుండి కలమును లాగికొనెను. విశ్రాంతి యక్కఱలేదని నే ననుట లేదు. సంహితలన్నియు విశ్రాంతినే విధించినవి. కాని విశ్రాంతి వేఱు, అధికారమును హరించుట వేఱు. మన పురిటియాచారమునందు నీ రెండును గలగాపులగమై యున్నవి. పదిదినములు ముట్టకుండుట, చీఁకటిగది, గాలి తగులనీయమి, వావిలాకు వేఁడినీళ్ళు, సాంబ్రాణిధూపము, పథ్యపుటన్నము, వీనిలోఁ గొన్ని పనినుండి తప్పించి యామెను గాచినవి. కొన్ని పలుకరించువారు లేకుండఁ జేసి యామెను గ్రుంగఁదీసినవి. పుట్టింటఁ దల్లి, మేనత్త, పెద్దక్క చుట్టు నున్న బాలెంతకు గది చెఱ గాదు. అత్తవారింట బిడ్డ యాఁడుదయ్యెనను సణుగుడు వినుచుఁ బడియున్నదానికి నదే గది లిన్ పట్టణపు గది.

ఇది వట్టి యూహ గాదు. గోవాలోఁ జేసి 2002లోఁ బ్రకటించిన పరిశోధనమునఁ బ్రసవమైన ఆఱు మొదలు ఎనిమిదివారములలో 252 మంది తల్లులలో 59 మంది, అనఁగా నూటికి 23 మంది విషాదగ్రస్తులుగాఁ గనఁబడిరి. పేదఱికము, భర్తచేతి హింస, ఆఁడుబిడ్డ పుట్టుట యీ యవస్థను ముదిర్చినవని యందుఁ దేలెను. స్కాట్లండునందు 1987లో వెలువడిన పదిప్రశ్నల పట్టిక చాల భాషలలోనికి మాఱి, తల్లిని నోరు తెఱిపించుటకు సాధనమైనది. ఆ పట్టికను గూర్చిన వైద్యబృందమే 1989లో మఱియొక ఫలితమును బ్రకటించెను: ఇంటికి వచ్చు నారోగ్యసందర్శకురాలు వారమున కొకమాఱు, ఎనిమిదివారములు, అరగంట కూర్చుండి తల్లి చెప్పునది విన్నచో 26 మందిలో 18 మంది మూఁడునెలలకుఁ గోలుకొనిరి, అట్టి సందర్శనము లేని 24 మందిలోఁ గోలుకొన్నవారు తొమ్మండ్రు. పాకిస్తానున రావల్పిండి ప్రాంతపు పల్లెలలో గ్రామారోగ్యకార్యకర్త్రులకే శిక్షణ నిచ్చి పంపఁగా, ఆఱునెలలకు విషాదమున మిగిలినవారు నూటికి 23 మంది. ఆ సంభాషణము లేనిచోట 53 మంది. ఈ ఫలితము 2008నాఁటిది. బెంగుళూరి నిమ్హాన్స్ వైద్యాలయమున 2009 మొదలు తల్లిని బిడ్డనుండి వేఱుచేయక యొక్కచోటనే యుంచి చికిత్స సేయు విభాగ మేర్పడెను. ఔషధములును వచ్చినవి, 2023లో నమెరికాలో సూతికావిషాదమునకే యుద్దేశించిన మాత్రను ననుమతించిరి. ఉన్మాదమువఱకుఁ బోయినచోఁ గూర్చుండి వినుట చాలదు, వైద్యుఁడే కావలెను. మార్జరీని ముందుంచుకొని మందును గాదనువా రుండరాదు.

మన దేశభాషాసాక్ష్యము మాత్ర మింకను వెదకఁబడవలసియున్నది. నూతులు వాడుకలో నున్న దినములఁ బురుడు వెడలిన బాలెంతచేత నూతికిఁ బసుపుకుంకుమ లిడించి చేద వేయించు నాచారము పెక్కిండ్ల నుండెను. ఇల్లాలు మరల నీళ్ళు చేఁదుకొనుటకు వచ్చినదని యూరు చూచుట యది. లిన్ పట్టణపుఁ దాళపుచెవులకు మన చేద జోడు. స్త్రీల రామాయణపుఁబాటలలోఁ గౌసల్య వేవిళ్ళ పాట కలదు. వేవిళ్ళకుఁ బాట యున్నది, ఉయ్యాలకు లాలి యున్నది. ఈ రెంటి నడిమి నలువదియైదు దినములకుఁ బాట యున్నదా? ఉన్నచో నది పేరంటమునఁ బాడునది గాక, దంపుడుకడనో, తిరుగలికడనో, ఒకరి నొకరు నమ్ముకొన్న యిద్దఱాఁడువారి నడుమనో మెలఁగునది యై యుండును. సేకరించిన పుస్తకములలో నాకుఁ గానరాలేదు. తమ యూళ్ళ ముసలమ్మలయొద్ద నట్టి పాట గాని, పదము గాని, సామెత గాని వినిన చదువరులు, మార్జరీ మాటలను దిద్దిన పురోహితునివలె దిద్దక, నోట వచ్చినది వచ్చినట్లు వ్రాసి, పాడినవారి యూరును, గాలమును జేర్చి పత్రికకుఁ బంపఁగోరుచున్నాను.